మగ్గం గుంటలో నిలవని దీపం

బీర్పూర్,
ఏప్రిల్ 29

అఫ్రీన్,

ఎట్లున్నవే? పిల్లలు మంచిగున్నరా? అలవాటుకొద్దీ ఇలా మొదలుపెట్టాను కానీ ఇది క్షేమం అడిగే ఉత్తరం కాదు. ఫోన్ చేస్తే స్విచాఫ్ వస్తోందని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. నా ఫోన్ మా ఆయన వేణు లాక్కున్నాడు. ఎవరితో మాట్లాడానో, ఏం వెతికానో చూస్తాడట. మా తమ్ముడు రవి దగ్గర ఫోన్ ఉంది కానీ, పెద్దమనుషుల ముందు మాట తేలేదాకా ఎవరితోనూ మాట్లాడొద్దని వాడి పట్టు. అందుకే ఈ కాగితం.

మా మామ చనిపోయాడు. నేను విషం పెట్టి చంపానంటున్నారు.

మొదటి నుంచీ చెప్తాను, లేకపోతే నాకే అర్థం కాదు. ఆ రోజు పొద్దున మామకు జావ తాగించి, గోలీలు ఇచ్చి, కుట్టు యూనిట్‌కు పోయాను. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేశాడట. డాక్టర్ వచ్చి గుండె ఆగిందన్నాడు. అప్పటికి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. కువైట్ నుంచి వేణు రావాలి కదా, ఫ్రీజర్ బాక్సు తెప్పించి ముందు గదిలో పెట్టారు. ఆ గది నీకు తెలుసు. నా పెళ్లికి వచ్చినప్పుడు "ఇంట్ల బాయి తవ్వుకున్నరేందే" అని నవ్వావు చూడు, అదే. చేనేత మగ్గం తీసేసి కరెంటుతో నడిచే సాంచా మగ్గాలకు మారినా, మగ్గం ముందు కూర్చుని కాళ్లు పెట్టుకునే ఆ గుంటను మాత్రం మామ పూడ్చనివ్వలేదు.

వేణు మేనత్త గౌరవ్వ, అంటే మామకు అక్క, పట్టుబట్టింది. "మా తమ్ముని కాళ్లు బతుకంత గాడనే ఉన్నయ్. దీపం గూడ గాడనే పెట్టాలె" అంది. బాక్సు పక్కనే, గుంట అడుగున దీపం పెట్టారు. ఇంటి కోడలిని కాబట్టి నేనే వెలిగించాను. ఆరిపోకూడదని ఫ్యాను బంద్ చేశారు. వడగాలికి కిటికీలు మూసేశారు.

దీపం నిలవలేదు అఫ్రీన్. గాలి లేదు, నూనె నిండుగా ఉంది. ఎవరో పైనుంచి నొక్కినట్టు మంట చిన్నదై ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను, మళ్లీ ఆరింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత వాసన వచ్చింది. శవం వాసన కాదు. ముక్కులో సూదులు గుచ్చినట్టు, గొంతు మండిపోయేట్టు ఉంది. అందరికీ దగ్గు, కళ్లల్లో నీళ్లు. గౌరవ్వ నన్ను పక్కకు నెట్టి తానే గుంటలోకి వంగి అగ్గిపుల్ల గీసింది, అట్లాగే ముందుకు పడిపోయింది. బయటికి మోసుకుపోయి ముఖాన నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది. తెరుస్తూనే నన్ను చూపించి, "మా తమ్ముని ఒంట్ల విషం ఉన్నది. దీపం నిలువనిస్తలేదు. గిదే ఏదో పెట్టింది!" అని అరిచింది.

తెల్లారేసరికి బాక్సులో చల్లదనం లేదు. వేణు వచ్చేసరికి మామ ముఖం చూడలేని స్థితిలో ఉంది. అంత దూరం నుంచి వచ్చిన కొడుకు తండ్రి ముఖం గుర్తుపట్టలేక గోడకు తల కొట్టుకున్నాడు. "విషం దాగిన పీనుగ ఆగుతదా?" అంది గౌరవ్వ. అంతే. దహనం చేసేశారు. ఇప్పుడు బూడిదలో ఏం వెతుకుతారు? మూడో రోజు రవి సిరిసిల్లకు వచ్చి నన్ను ఇక్కడికి, అమ్మ దగ్గరికి తీసుకొచ్చాడు. మా అత్త ఇంద్రమ్మ ఒక్కతే బస్టాండుదాకా వచ్చింది. "నువ్వు గట్ల జెయ్యవు బిడ్డా, నాకెర్క" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను.

రాధిక

*

కోరుట్ల,
మే 5

రాధికా,

యా అల్లా, ఏం రాసినవే ఇది! రెండుసార్లు చదివాను. నువ్వు విషం పెట్టడమేంది? హాస్టల్లో ఎలుకల మందు పెట్టమంటే పాపం అని ఏడ్చినదానివి నువ్వు! ఆ గౌరవ్వ నోటికి తాళం వేసేవాళ్లే లేరా సిరిసిల్లలో? మీ ఆయన సంగతి ఇంకా బాగుంది. మూడేళ్లు కాపురం చేసిన భార్య మీద పోలీసులా ఫోన్ వెతుకుతాడట! నేనక్కడ ఉంటే ఆ ఫోన్‌తోనే కొట్టేదాన్ని.

కోపంలో ఏదేదో రాస్తున్నాను. ఏడవకు. జావ తాగుతున్నావా, అన్నం తింటున్నావా అది రాయి ముందు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం గట్టిగా చదువుతుంటే మా ఆయన ఫిరోజ్ అన్నం తింటున్నాడు. నీకు తెలుసు కదా, ఫ్రిజ్‌లు, ఏసీలు, ఈ సావుబాక్సులు, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. దీపం ఆరిందన్న దగ్గర ఆయన చేయి ఆగింది. "దీపం గుంటల పెట్టిండ్రా? మళ్లొక్కసారి సదువు" అన్నాడు. చదివాను. "బాక్సు ఎవలది? మోటరు దిక్కు ఏమన్న కనవడ్డదా? అడుగు" అన్నాడు. ఎందుకని అడిగితే, దాంట్లో గ్యాస్ ఉంటుంది, ఒక్కోసారి లీకవుతుంది అన్నాడు. అంతకన్నా చెప్పలేదు. షాపుకు పోయాడు. నాకేదో ఆశ పుట్టింది రాధికా. గుర్తున్నదంతా రాయి.

నీ అఫ్రీన్

*

బీర్పూర్,
మే 11

అఫ్రీన్,

నీ ఉత్తరం వచ్చిన పూట కడుపునిండా తిన్నాను. మా అమ్మ ఎల్లవ్వ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

బాక్సు సిరిసిల్లలోనే ఒకాయన కిరాయికి ఇస్తాడు, ఆటోలో తెచ్చి దించాడు. దాని మోటరు గుంట వైపే ఉంది. కింద రాగి రంగు సన్న పైపు, దాని మీద బూడిద రంగు ముద్ద ఒకటి, పిల్లలు మట్టి అంటించినట్టు. అది ఒకవైపు లేచిపోయి ఉంది. దాని చుట్టూ నూనె జిడ్డు. దీపం నూనె ఒలికిందనుకుని మా అత్త గుడ్డతో తుడిచింది. నేను చూశాను, నాకు బాగా గుర్తు. ఇంకొకటి, పక్కన కూర్చున్నప్పుడు సన్నగా బుస్సుమన్న శబ్దం వినిపించింది. మోటరు శబ్దమే అనుకున్నాం.

ఇది ఏమన్నా పనికొస్తదానే? ఫిరోజ్ అన్నను అడిగి తొందరగా రాయి. మీ ఆయన ఒక్కమాట చెప్తే వేణు వింటాడు, మిషన్లు తెలిసినవాళ్ల మాటంటే నమ్ముతాడు. గౌరవ్వ వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు దీపం కథ చెప్తోందట. విడాకుల మాట కూడా వచ్చిందని రవి చెప్పాడు. నీ జవాబు వచ్చేదాకా నేను కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటాను.

రాధిక

*

కోరుట్ల,
మే 19

రాధికకు,

ఉత్తరం అందింది. ఆలస్యమైంది, పిల్లలకు జ్వరం.

మా ఆయనను అడిగాను. ఆ బాక్సుల్లో ఉండేది నూట ముప్పై నాలుగు నంబర్ గ్యాస్ అట. దానికి రంగు లేదు, వాసన లేదు. అంటుకోదు, పేలదు. కార్ల ఏసీలో అదే, ఫ్రిజ్‌లో అదే. ఆయాసం ఉన్నవాళ్లు నోట్లో పెట్టి నొక్కుకునే పంపులో కూడా మందును బయటికి నెట్టేది అదేనట. అంత నిమ్మళమైన గ్యాస్. మీకు వచ్చిన ఘాటు వాసన గ్యాస్‌ది కాదు, గ్యాస్‌కు వాసనే లేదు కదా.

ఆరోగ్యం చూసుకో. దేవుడున్నాడు.

అఫ్రీన్

*

బీర్పూర్,
జూన్ 2

అఫ్రీన్,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు రాసినట్టు లేదు, డాక్టర్ చీటీలా ఉంది. కానీ నువ్వు నాతో అబద్ధమాడవు. ఇంటర్‌లో నేను ఫెయిలైతే నా ముఖం మీదే చెప్పినదానివి. కాబట్టి గ్యాస్ కాదు. ఆయాసం వాళ్లు పీల్చే గ్యాస్‌కు ముసలామె ఎందుకు పడిపోతుంది?

మరి ఏంది?

ఆలోచించాను. రోజంతా అదే ఆలోచన. మామకు పొద్దున రెండు రకాల గోలీలు ఇవ్వాలి, రెండూ తెల్లవే, ఒకే తీరు ఉంటాయి. ఆ పొద్దున కరెంటు లేదు, యూనిట్ బస్సు హారన్ కొడుతోంది. నేను ఏవి ఇచ్చాను? చేతిలో పోసిన గోలీలు కళ్లముందు కనిపిస్తాయి, ఏవో మాత్రం కనిపించదు. ఎంత గుర్తు తెచ్చుకుంటే అంత మసకైపోతోంది. ఊరంతా ఒకటే మాట అంటుంటే, నువ్వు కూడా గ్యాస్ కాదంటే, ఇక మిగిలింది నేనే కదా.

మొన్న వేణు, గౌరవ్వ, ఇద్దరు పెద్దమనుషులు ఇక్కడికి వచ్చారు. "ఆఖరుసారి అడుగుతున్న, మా నాయినకు ఏమిచ్చినవ్?" అన్నాడు వేణు. నా నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. "గోలీలు మారినయేమో" అన్నాను. అమ్మ పెద్దగా ఏడ్చింది. వేణు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు. గౌరవ్వ మాత్రం వాకిట్లో నిలబడి, "అందరు ఇన్నరా? దాని నోటితోనే అన్నది!" అని మూడిళ్లకు వినిపించేలా అరిచింది.

ఇరవై ఒకటో తారీఖు ఆదివారం సిరిసిల్లలో మా పెళ్లి తెంపేస్తారట. వద్దని నేను అనను. నేనే చంపానేమో అఫ్రీన్. నాన్నలా చూసుకున్నాడే నన్ను.

రాధిక

*

జగిత్యాల,
జూన్ 15

రాధికా,

ఆ మాట వెనక్కి తీసుకో. నువ్వు ఎవరినీ చంపలేదు. అది గ్యాసే. నాకు మే నెలలోనే తెలుసు.

తిట్టుకో. చదవడం మాత్రం ఆపకు.

పైపు మీద బూడిద రంగు ముద్ద అని నువ్వు రాసింది చదవగానే ఫిరోజ్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ ముద్ద పెట్టింది ఆయనే. మీ మామ పోవడానికి వారం ముందు సిరిసిల్ల నుంచి ఆ బాక్సు మా షాపుకు వచ్చింది. పైపుకు సూదిమొనంత చిల్లు. వెల్డింగ్ చేయాలి. ఆ రోజు వెల్డింగ్ సిలిండర్ ఖాళీ. బాక్సాయన నెత్తి మీద నిలబడ్డాడు, "అవుతల పీనుగ ఎదురుసూస్తున్నది భాయ్, తొందరగ గానియ్యి" అని. సావు పని ఆపడం ఎట్లా అని ఈయన చిల్లు మీద సీల్ మందు ముద్ద చేసి అతికించి, గ్యాస్ నింపి పంపేశాడు. తర్వాత పిలిపించుకుని వెల్డింగ్ చేద్దామనుకున్నాడట. ఎండకు ముద్ద పగిలింది. మీ ఇంట్లోనే ఊడింది.

నేను నీకు రాయని సగం ఇప్పుడు విను. ఆ గ్యాస్‌కు రంగూ వాసనా లేవన్నది నిజం. కానీ అది గాలికంటే చాలా బరువు. నీళ్లలాగ కిందికి జారి, పల్లం ఎక్కడుంటే అక్కడ నిలుస్తుంది. మీ గుంటలో నిండింది. అది అంటుకోదు అని రాశాను కదా, అంటుకోకపోవడమే కాదు, మంటను ఊపిరాడకుండా చేసి ఆర్పేస్తుంది. మనిషి తల పెట్టినా అంతే, గౌరవ్వ పడింది అందుకే. ఇక వాసన. ఫిరోజ్ మాటల్లోనే చెప్తాను: "ఉత్తగ ఉంటే ఏమనది. అగ్గికి తగిలిందంటె ఇరిగిపోతది. ఇరిగి తేజాబ్, గదే యాసిడ్, పొగ లెక్క అయితది, గొంతు కాలుస్తది." ఆరిన దీపాన్ని మీరు మళ్లీ మళ్లీ వెలిగించిన కొద్దీ ఆ పొగ పుట్టింది. గ్యాసంతా పోయాక బాక్సు చల్లబడదు. మీ మామ ముఖం అట్లా కావడానికి కారణం విషం కాదు, మా ఆయన పెట్టిన ముద్ద.

ఆ రాత్రి ఆయన నా చేతులు పట్టుకున్నాడు. "గిది బయట పడితే సావు పని ఖరాబ్ జేసినోడంటరు. మెట్‌పల్లి దాక ఒక్క బాక్సు రాదు. పిల్లలను ఎట్ల సాదుదాం?" అన్నాడు. మా అత్త సయీదా బేగం కూడా, "ఆ పిల్లకు ఆమె దేవుడున్నడు, మనకు మనమే" అంది. నేను ఒప్పుకున్నాను. ఆయన చెప్పిన వాటిలోంచి నిన్ను ఆపేవి ఏరి ఏరి రాశాను. ఒక్క అబద్ధమూ లేకుండా రాశానని నాలో నేనే సమాధానం చెప్పుకున్నాను. చూడు, ఎంత తెలివో!

నీ ఉత్తరం వచ్చిన రోజు, "గోలీలు మారినయేమో" అన్నది చదువుతూనే లేచి పిల్లల బట్టలు సర్దాను. నువ్వు నన్ను నమ్మి నీ మీద నువ్వే నేరం వేసుకున్నావు. పిల్లలను తీసుకుని జగిత్యాలలో మా అమ్మ ఇంటికి వచ్చేశాను. నిజం చెప్పేదాకా రానని ఫిరోజ్‌కు చెప్పాను. నిన్న వచ్చాడు. బండి వెనుక నీలం రంగు గ్యాస్ సిలిండర్ కట్టుకుని వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. "ఐతారం, ఇరవై ఒకటికి, నేనే సిరిసిల్లకు పోత. నోటితోని చెప్తే ఎవలు నమ్మరు, సూపెడ్త" అన్నాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు, తన తప్పు దగ్గర భార్యను నిలబెట్టుకోనన్నాడు.

నువ్వు మాత్రం అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

అఫ్రీన్

*

సిరిసిల్ల,
జూలై 6

అఫ్రీన్,

ఫిరోజ్ అన్న వచ్చిన సంగతి ఆయన చెప్పే ఉంటాడు. కానీ ఆయన వెళ్లాక జరిగింది నీకు తెలియదు.

పెద్దమనుషులు మగ్గం గుంట ఉన్న ముందు గదిలో కూర్చుని విడాకుల కాగితం రాయబోతుంటే ఆయన సిలిండర్‌తో లోపలికి వచ్చాడు. ముసలోళ్లను గడప బయట నిలబెట్టాడు, తలుపులన్నీ తెరిపించాడు. "దీపం పెట్టుండ్రి" అన్నాడు. వేణు తానే గుంటలో దీపం పెట్టాడు. నిమ్మళంగా వెలిగింది. అందరూ నా వైపు చూశారు, ఇప్పుడు నిలిచిందే అన్నట్టు. ఫిరోజ్ అన్న పైపును గుంట అంచున పెట్టి మర తిప్పాడు. బుస్సుమంది. ఏమీ కనిపించలేదు. మంట వంగింది, చిన్నదైంది, ఆరిపోయింది. మళ్లీ వెలిగించమన్నాడు. వేణు చేతిలోనే ఆరింది. వేణు చేతిలో! అప్పుడు ఆ వాసన వచ్చింది. గడప దగ్గర గౌరవ్వ, "గదే! గదే వాసన!" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. ఫిరోజ్ అన్న చేతులు జోడించి, "నేను చేసిన పని గిది. ఈ చెల్లెను ఏమనకుండ్రి" అన్నాడు. వేణు ఆయన మీదికి పోయాడు. మా అత్త అడ్డం నిలబడింది.

ఆయన వెళ్లాక కాగితం చింపేశారు. నాకు ఊపిరి వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు గౌరవ్వ నిదానంగా లేచి అడిగింది, అరవలేదు, మామూలుగా అడిగింది: "దీపం సంగతి సరె. మరి గోలీలు మారినయని గీమె నోటితోనే జెప్పింది గద, గదేంది?"

నేను ఏం చెప్పాలి అఫ్రీన్? "నాకు దిక్కు తెలువక అన్న" అన్నాను. వేణు నా ముఖం చూసి, పెద్దమనుషుల వైపు తిరిగి, "ఇగ ముగిసింది, ఇడువుండ్రి" అన్నాడు. డాక్టర్ గుండె ఆగిందనే అన్నాడని నాకూ తెలుసు. వేణు నన్ను ఇంట్లోనే ఉండమన్నాడు. ఫోన్ ఇచ్చాడు. నీ నంబర్ నొక్కి, మోగకముందే కట్ చేశాను. ఇది నోటితో చెప్పలేను.

మా అత్త ఇంద్రమ్మ, బస్టాండుదాకా వచ్చి "నాకెర్క బిడ్డా" అన్న ఆమె, బీపీ గోలీలను నడుముకు కట్టుకునే సంచిలో దాచుకుంటోంది. ఇంతకుముందు నా చేతిలోంచి తప్ప వేసుకునేది కాదు. మొన్న జావ ఇచ్చి, "అత్తా, గోలి ఇయ్యనా?" అన్నాను. "వద్దు బిడ్డా, నేనే ఏసుకుంట" అని నవ్వి, అటు తిరిగి వేసుకుంది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. ఫిరోజ్ అన్న అందరి ముందు చేతులు జోడించాడు, ఆయన పని అయిపోయింది. నీది కాలేదు. ఆ మాట నేను ఎందుకు అన్నానో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్తే సాకు అనుకుంటారు. నువ్వు రా. నిజం తెలిసి కూడా నాకు చెప్పలేదని, నీ ఉత్తరం చదివే నా మీద నాకు అనుమానం పుట్టిందని మా అత్తకు నువ్వే చెప్పు. ఆ తర్వాత మనం దోస్తులమా కాదా అన్నది చూద్దాం.

రాధిక

*

కోరుట్ల,
జూలై 9

రాధికా,

నీ ఉత్తరం పొద్దున అందింది. రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. ఈ కాగితం నాకంటే వెనుక చేరుతుందని తెలుసు, అయినా రాస్తున్నాను. మే నెలలో రాసిన ఆ సగం ఉత్తరానికి నీకు ఇంకొకటి బాకీ పడ్డట్టు ఉంది.

మీ అత్త ముందు ఏం చెప్పాలో పొద్దటి నుంచి అనుకుంటున్నాను. "అత్తమ్మా, నీ కోడలు తప్పు చేయలేదు, నేను చేసిన" అంటాను. ఇంకేమీ కలపను. ఆమె తిడితే పడతాను. ఆమె నమ్మకపోతే నమ్మేదాకా మీ గడప మీదే కూర్చుంటాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదే, జావ చేసి మీ అత్తకు ఇయ్యి. గోలి నీ చేతిలో పెట్టుకుని నిలబడు. నేను పక్కనే ఉంటాను.

అఫ్రీన్